దుష్టచతుష్టయం ఒకరినొకరు ఎందుకు పొడుచుకోలేదు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే ప్రతి గుంపులోనూ ఎప్పుడో ఒకసారి ఈ మాట వస్తుంది: "మామా, ఎంతసేపూ ఊళ్ళు కాపాడటమేనా, ఈసారి మనమే విలన్లుగా ఆడదాం." మామూలుగా ఓ పెద్ద క్యాంపెయిన్ ముగిసి, రాజుగారి సన్మానాలు అందుకుని, అందరికీ కొంచెం బోర్ కొట్టాక వస్తుంది. ఈ మధ్య బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్‌లో డార్క్ అర్జ్ అనే హంతక పాత్ర ఆడి వచ్చినవాళ్ళు మరీ ఉత్సాహంగా అడుగుతున్నారు. అడగటంలో తప్పేం లేదు. డీఎంగా, అంటే ఆట నడిపేవాడిగా, అలాంటివి నేనూ నడిపాను, వేరేవాళ్ళ టేబుల్ దగ్గర ఆడాను, మధ్యలో ఆగిపోయినవి చూశాను, చివరిదాకా వెళ్ళినది కూడా చూశాను. ఆగిపోయినవాటి గురించి జనం చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే: చెడ్డ క్యారెక్టర్లు కదా, ఒకరినొకరు పొడుచుకున్నారు. ఇది సగమే నిజం అంటాను నేను. పొడుచుకోవటం ఆఖర్న జరిగేది. అప్పటికే ఆట చచ్చిపోయి ఉంటుంది. చేయడానికి ఇంకేమీ లేక పక్కవాడి జేబు వైపు చూస్తారు.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఒక పాత్ర, దాని బలాలూ బలహీనతలూ రాసిన ఒక కాగితం. డంజన్ మాస్టర్, అంటే డీఎం, మిగతా లోకమంతా తానే అయి నడిపిస్తారు. ఏం చేస్తామో ఆటగాళ్ళు చెబుతారు, అది కుదిరిందా లేదా అన్నది ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. ఇలా వారానికో రెండు వారాలకో కలుస్తూ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగే కథ క్యాంపెయిన్. ఈ "ఏళ్ళ తరబడి" అన్నది గుర్తుంచుకోండి, దానితో పనుంది.

చెడ్డ పాత్రలు ఈ ఆటకి కొత్త కాదు. 1974లో ఆట మొదట అచ్చయినప్పుడే లా, న్యూట్రాలిటీ, కేయాస్ అని మూడు పక్షాలుండేవి. కేయాస్ వైపు ఉంటానంటే ఎవరూ అడ్డుచెప్పలేదు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అసాసిన్, అంటే హంతకుడు, అని ఒక క్లాసే (పాత్ర వృత్తి) ఉంది, అది తీసుకుంటే చెడ్డవాడై తీరాలి. ఆట సృష్టించిన ఇద్దరిలో ఒకరైన గ్యారీ గైగ్యాక్స్ సొంత టేబుల్ దగ్గర రాబ్ కుంట్జ్ ఆడిన రోబిలార్ పేరు వినే ఉంటారు. టూమ్ ఆఫ్ హారర్స్ అని అడుగడుగునా ఉచ్చులున్న సమాధి ఒకటుంది. రోబిలార్ తన దగ్గరున్న ఓర్కులనే రాక్షసజాతి సేవకుల్ని ఒకడి తర్వాత ఒకణ్ణి ముందు నడిపించి, వాళ్ళు చచ్చిన చోటల్లా ఉచ్చు ఉందని తెలుసుకుంటూ చివరి గదిదాకా వెళ్ళాడు. అక్కడ ఆ సమాధి యజమాని అసెరెరాక్ పుర్రె పైకి లేవగానే కత్తి కూడా దూయకుండా దొరికిన సొత్తు సంచిలో కుక్కుకుని పారిపోయాడు. అద్భుతమైన ఆట, నాకూ ఇష్టం. చెడ్డ క్యాంపెయిన్ కావాలనే ప్రతివాడూ ఈ కథే చెబుతాడు, "చూశావా, మొదట్నించీ ఇలాగే ఆడేవాళ్ళు" అని. ఆడారు సరే. కానీ ముందు నడిచి చచ్చిన ఆ ఓర్కుల్లో ఏ ఒక్కటీ ఇంకో మనిషి ఆడుతున్న పాత్ర కాదు. బాల్డర్స్ గేట్ సంగతీ అంతే. డ్రూయిడ్ల తోపు మీద దాడి చేస్తే మీతో నడిచే విల్, కార్లాక్ అనే ఇద్దరు మీ పక్షం వదిలేస్తారు, మీరు హాయిగా ముందుకెళ్ళిపోతారు. వాళ్ళు సాఫ్ట్‌వేర్. నా టేబుల్ దగ్గర అలా వదిలేసి వెళ్ళిపోయేది మియాపూర్ నుంచి మెట్రోలో వచ్చిన నా స్నేహితుడు, వచ్చే వారం ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ఇక అసలు గొడవ దగ్గరికి వస్తాను.

మామూలు హీరోల క్యాంపెయిన్‌లో డీఎంకి ఉచితంగా దొరికే సౌకర్యం ఒకటుంది, అది పోయేదాకా దాని విలువ తెలీదు. సత్రంలోకి ఒక ఆవిడ ఏడుస్తూ వచ్చి, మా పిల్లాణ్ణి కొండ మీద దొంగలు ఎత్తుకుపోయారు అంటుంది. అప్పటిదాకా ముక్కూమొహం తెలియని నలుగురు లేచి నిలబడతారు. అంతే, కథ మొదలైపోయింది. ఎందుకు లేచారని ఎవరూ అడగరు, హీరోలు కాబట్టి లేచారు. వాళ్ళు కలిసి ఎందుకు ఉన్నారని కూడా ఎవరూ అడగరు. నెలల తరబడి నడిచే కథ మొత్తం ఈ ఒక్క సర్దుబాటు మీద నిలబడి ఉంటుంది: ఎవడో ఎక్కడో ఏదో దుర్మార్గం చేస్తాడు, మనవాళ్ళు వెళ్ళి ఆపుతారు. కథని ముందుకు నెట్టే పనంతా విలన్‌ది, అంటే డీఎంది. ఆటగాళ్ళు స్పందిస్తే చాలు.

అదే ఆవిణ్ణి చెడ్డ పార్టీ, అంటే ఆటగాళ్ళ పాత్రల గుంపు, ముందుకి తీసుకురండి. "ఎంతిస్తావ్?" అంటాడు ఒకడు. ఆవిడ తన దగ్గరున్నది చెబుతుంది. "అంతేనా?" అంటాడు ఇంకొకడు. అందరూ నవ్వుతారు, ఆవిడ వెళ్ళిపోతుంది. నవ్వులయ్యాక నలుగురూ డీఎం మొహం చూస్తారు. డీఎం "సరే, ఇప్పుడేం చేస్తారు?" అని అడుగుతారు. ఈ ప్రశ్న హీరోల ఆటలో లాంఛనం. ఇక్కడ మాత్రం నిజమైన ప్రశ్న, చాలామంది ఆటగాళ్ళ దగ్గర దీనికి జవాబుండదు. ఎందుకంటే విలన్‌గా ఆడాలనుకున్నవాడికి కావాల్సింది ఎక్కువసార్లు స్వేచ్ఛ. ఎవడి మాటా వినక్కర్లేదు, ఎవడికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆ స్వేచ్ఛ ఇచ్చేశాక దాంతో ఏం చేయాలో తెలీక, కళ్ళ ముందు కనిపిస్తున్న ఒకే ఒక్క వస్తువుని, అంటే సత్రాన్ని, తగలబెడతారు. మొదటి సెషన్‌లో సత్రం యజమానిని చంపని చెడ్డ పార్టీని నేను ఇంతవరకూ ఎక్కడా చూడలేదు. పాపం అతనికి వేరే ఏ దోషమూ లేదు, దగ్గర్లో ఉండటం తప్ప.

విలన్లంటే ఇష్టపడటం మనకి ఒకరు నేర్పక్కర్లేదు. ఎస్వీ రంగారావు కీచకుణ్ణి, ఎన్టీఆర్ రావణుణ్ణీ దుర్యోధనుణ్ణీ నెత్తిన పెట్టుకున్న జాతి మనది. అందుకే మా గుంపులో ఎవరైనా విలన్ క్యాంపెయిన్ అనగానే నేను దుష్టచతుష్టయం సంగతి ఎత్తుతాను. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, శకుని, కర్ణుడు. చూస్తే నికార్సయిన నలుగురి పార్టీ. ఒకడు నాయకుడు, ఒకడు కండబలం, ఒకడు కుట్ర, ఒకడు విల్లు. ఇంత చెడ్డ పార్టీ కురుక్షేత్రం దాకా, ఒక్కొక్కరూ కూలేదాకా కలిసే ఉంది, మధ్యలో ఎవడూ ఎవడి వీపునా పొడవలేదు. ఎలా?

మొదటి సంగతి, దుర్యోధనుడు ఖాళీగా ఉండడు. భీముడికి విషం పెట్టటం, లక్క ఇల్లు, జూదం, ఘోషయాత్ర, సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని భీష్మించటం. ఒక పథకం విఫలమైతే ఇంకొకటి సిద్ధం. భారతాన్ని నడిపించేది చాలావరకు ఇతనే. పాండవులు ఎంత గొప్పవాళ్ళైనా చాలా చోట్ల ఇతను చేసిన పనికి స్పందిస్తుంటారు. ఇతనికి కావాల్సింది ఒకటే, రాజ్యం, మొత్తం రాజ్యం. దాన్ని గురించి ఎవరూ "ఇప్పుడేం చేస్తారు?" అని అడగాల్సిన అవసరం రాలేదు. మన టేబుల్ దగ్గరికి వచ్చే విలన్ల కాగితాల మీద "కేయాటిక్ ఈవిల్ (ఏ నియమమూ లేని చెడ్డవాడు), చిన్నప్పుడు తల్లిదండ్రుల్ని చంపేశారు, ఎవర్నీ నమ్మడు" అని ఉంటుంది. ఇతనికి ఏం కావాలి? అది మాత్రం రాసి ఉండదు. రావణుడికి లంక ఉంది, మాయలఫకీరుకి బాలనాగమ్మ కావాలి, మనవాడికేమో నల్ల కోటు ఉంది.

రెండోది కర్ణుడు. అస్త్రవిద్యా ప్రదర్శన రోజు సభలో నీ పుట్టుకేమిటని అడిగితే తల దించుకున్నవాణ్ణి దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యానికి రాజుని చేశాడు. అందులో అర్జునుడికి పోటీగా ఒకణ్ణి సంపాదించుకునే స్వార్థం ఉంది, ఉండనివ్వండి. ఆ ఒక్క పనితో ఏర్పడిన కట్టుబాటు ఎంత గట్టిదంటే, తర్వాత కృష్ణుడు వచ్చి నువ్వు కుంతి పెద్దకొడుకువి, ఇటొస్తే రాజ్యం నీదే అన్నా కర్ణుడు కదల్లేదు. డీఎం ఒక ఆటగాడికి పార్టీ వదిలి వెళ్ళే దారి బంగారు పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు, ఆటగాడు వద్దన్నాడు. చెడ్డవాడంటే ఎవరితోనూ బంధం లేనివాడు అనే అభిప్రాయం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలీదు. మన కథల్లో మాత్రం అది లేదు.

మూడోది శకుని, ఇది నాకు మహా ఇష్టం. వ్యాసభారతంలో లేదు గానీ మన దగ్గర జనం చెప్పుకునే కథలో శకుని తన తండ్రి ఎముకలతో పాచికలు చేసుకుని, కురువంశాన్ని నాశనం చేయడానికే దుర్యోధనుడి పక్కన చేరాడంటారు. అంటే పార్టీలో ఒకడికి రహస్య లక్ష్యం ఉంది, అది పార్టీ నాయకుణ్ణి ముంచేదే. అయినా ఆట ఆగలేదు, ఎందుకంటే శకునికి కావాల్సినదీ దుర్యోధనుడికి కావాల్సినదీ ఒకే దారిలో ఉన్నాయి, ఇద్దరికీ యుద్ధం రావాలి. రహస్యాలు ఉండొచ్చు. అవి పార్టీని ముందుకి లాగేవై ఉండాలి. నా దగ్గరికి ఎవరైనా "నా క్యారెక్టర్‌కి ఓ సీక్రెట్ ఉంది, పార్టీని మోసం చేస్తుంటాడు" అని వస్తే నేను వద్దనను. ఆ మోసం కోసం పార్టీ ఎక్కడికి వెళ్ళాల్సి వస్తుంది అని అడుగుతాను. ఎక్కడికీ కాదు, రాత్రి పూట వీళ్ళ సంచులు వెతుకుతాడు అంటే, దయచేసి ఇంకో క్యారెక్టర్ రాసుకురా బాబూ అంటాను.

సంచులు వెతకటం చిన్న విషయంలా కనిపిస్తుంది, దాని వల్ల టేబుల్‌కి అయ్యే నష్టం చూడండి. ఈ ఆట మొత్తం నమ్మకం మీద కట్టినది. వైద్యం చేసేవాడు ఒకడు, తాళాలు తీసేవాడు ఒకడు, ముందు నిలబడి దెబ్బలు తినేవాడు ఒకడు, ఎవడికీ అన్నీ రావు. అడవిలో పడుకుంటే వంతులవారీగా కాపలా కాస్తారు. ఇప్పుడు ఆ కాపలా కాసేవాడే దొంగ అని తెలిసిందనుకోండి, మిగతావాళ్ళు నిద్రపోరు. నిద్రపోకపోతే మంత్రాలు తిరిగి రావు, గాయాలు మానవు. ఇక ఎవడి జాగ్రత్త వాడిది. విజార్డ్, అంటే మాంత్రికుడు, తన పెట్టె మీద మంత్రం వేయాలి, అది డీఎంకి రహస్యంగా చెప్పాలి. రోగ్, అంటే దొంగ, ఆ మంత్రం ఉందో లేదో చూడాలి, అదీ రహస్యంగానే. మా ఇళ్ళల్లో ఇది వాట్సాప్‌లో జరుగుతుంది, నలుగురూ ఎదురెదురుగా కూర్చుని ఫోన్లలో నాకు మెసేజ్‌లు పెడుతుంటారు, లేకపోతే ఒక్కొక్కర్నీ వంటింట్లోకి తీసుకెళ్ళి మాట్లాడాలి. శనివారం సాయంత్రం మూడు గంటల ఆటలో సగం ఇలా పోతుంది, మిగతా సగం "ఇందాక వాడు నీకేం చెప్పాడు?" అన్న అనుమానంలో పోతుంది. ఇంతా చేసి కథలో ఏమీ జరగలేదు, పార్టీ ఇంకా అదే అడవిలో ఉంది.

దీనికి అందరూ చెప్పే మందు "పీవీపీ నిషేధం", అంటే ఒకరి మీద ఒకరు దాడి చేయకూడదు, దొంగతనం చేయకూడదు అని ముందే రూల్ పెట్టటం. పెట్టండి, నేనూ పెడతాను. కానీ అది జ్వరానికి తడిగుడ్డ లాంటిది. లక్ష్యం లేని పార్టీ ఒకరినొకరు పొడుచుకోకుండా కూడా బోర్ కొట్టించగలదు. ఇంకో మందు "లాఫుల్ ఈవిల్ అయితే పర్లేదు", అంటే నియమాలకి కట్టుబడ్డ చెడ్డవాడైతే ఫర్వాలేదు, అన్నది. అడ్వెంచరర్స్ లీగ్ అనే అధికారిక ఆటల్లో ఐదో ఎడిషన్ మొదట్లో ఇలాగే ఉండేది, లాఫుల్ ఈవిల్ ఒక్కటే ఒప్పుకునేవాళ్ళు, అదీ జెంటరిమ్, లార్డ్స్ అలయన్స్ అనే కూటముల్లో ఒకదానిలో ఉంటేనే. జనం అందులో లాఫుల్ అన్న ముక్కే పట్టుకున్నారు. నాకు అసలు పనిచేసేది రెండో షరతని అనిపిస్తుంది: నువ్వు ఒక ముఠాకి చెందినవాడివి, నీకు పైన ఎవరో ఉన్నారు, వాళ్ళకి ఏదో కావాలి.

ఆ దారిలోనే వెళ్ళి చెడ్డ పార్టీకి ఒక బాస్‌ని పెట్టే పద్ధతి ఉంది. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆటకి 2016లో వచ్చిన హెల్స్ వెంజెన్స్ అనే కథ ఇలాంటిదే. చెలియాక్స్ దేశంలో పిశాచాలతో ఒప్పందం చేసుకున్న థ్రూన్ వంశం ఉంటుంది, వాళ్ళ మీద తిరగబడ్డ ధర్మపరుల్ని అణచటం ఆటగాళ్ళ పని. నడుస్తుంది, బాగానే నడుస్తుంది. ఎటొచ్చీ కొన్నాళ్ళయ్యాక ఆటగాళ్ళకి ఒక అనుమానం వస్తుంది. వారమంతా ఆఫీసులో మేనేజర్ ఇచ్చిన టికెట్లు క్లోజ్ చేసి, శనివారం సాయంత్రం మళ్ళీ ఇంకో మేనేజర్ ఇచ్చిన పని చేయడానికా విలన్లమయ్యాం? మా టేబుల్ దగ్గర క్లెరిక్, అంటే పూజారి పాత్ర, ఆడే అమ్మాయి ఒకసారి డార్క్ లార్డ్‌ని "స్టేటస్ కాల్ ఎప్పుడండీ?" అని అడిగింది. ఆ రోజుతో ఆ బాస్ భయం పోయింది. బాస్ పద్ధతి మొదటి నాలుగైదు సెషన్లకి మంచిది, తర్వాత ఆ బాస్‌ని కూలదొయ్యటమే లక్ష్యం కావాలి, లేదా బాస్ దగ్గర నలిగిపోవటమే కథ కావాలి. 2003లో పాల్ చెగే రాసిన మై లైఫ్ విత్ మాస్టర్ అనే ఆట ఈ రెండోది తీసుకుంది. అందులో అందరూ ఒక దుష్టుడి సేవకులే, వాడి ఆజ్ఞలకీ వీళ్ళ మనసుకీ మధ్య నలుగుతుంటారు, చివరికి ఎవరో ఒకరు వాణ్ణి చంపుతారు. చిన్న ఆట, కానీ విలన్ పక్కన నిలబడటం ఎలా ఉంటుందో పెద్ద పెద్ద పుస్తకాలకంటే బాగా చూపిస్తుంది.

ఇందాక గుర్తుంచుకోమన్న "ఏళ్ళ తరబడి" ఇక్కడ పనికొస్తుంది. ద్రోహం సరదాగా ఉండే ఆటలు లేకపోలేదు. 1984లో వచ్చిన పారనోయియాలో అందరూ అందరి మీదా చాడీలు చెబుతూ, కాల్చుకుంటూ ఉంటారు, అదే ఆట. ప్రతి పాత్రకీ ఆరు క్లోన్లు, ఒకటి చస్తే ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. 2009లో జేసన్ మార్నింగ్‌స్టార్ రాసిన ఫియాస్కో ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, డీఎం కూడా ఉండరు, అందరూ సర్వనాశనమవుతారని మొదట్నించీ అందరికీ తెలుసు. వీటిల్లో పక్కవాడు నన్ను ముంచితే నేను పగలబడి నవ్వుతాను, ఎందుకంటే నాకు పోయింది ఓ గంట. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఎనిమిదో లెవెల్‌కి వచ్చిన క్యారెక్టర్ అంటే ఏడాది శనివారాలు, దాని బొమ్మ వేయించుకుని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అలాంటిదాన్ని నిద్రలో గొంతు కోసి "సరదాకే కదా మామా, అదే నా క్యారెక్టర్ చేసేది" అంటే అవతలివాడికి సరదా ఎలా పుడుతుంది? ఆ క్యారెక్టర్‌ని రాసింది నువ్వే కదా, అలా చేయనివాణ్ణి రాయటానికి నీకేం అడ్డొచ్చింది? ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ.

దొంగల ఆటకి సరైన యంత్రం ఎవరైనా తయారుచేశారంటే అది జాన్ హార్పర్. 2017 నాటి బ్లేడ్స్ ఇన్ ది డార్క్‌లో ప్రతివాడికీ ఉన్నట్టే ముఠాకీ ఒక షీట్ ఉంటుంది, స్మగ్లర్లో, హంతకులో, గూఢపూజలు చేసేవాళ్ళో ముందే తేల్చుకోవాలి, ముఠా ఎదిగితే అందరూ ఎదుగుతారు. చేసిన ప్రతి పనికీ హీట్ పెరుగుతుంది, అది నిండితే పోలీసుల దృష్టిలో వాంటెడ్ లెవెల్ పెరుగుతుంది. శవం పడితే హీట్ ఇంకా ఎక్కువ. అంటే సత్రం యజమానిని చంపొద్దని డీఎం నీతులు చెప్పక్కర్లేదు, లెక్కే చెబుతుంది.

ఈ లెక్క లేని ఆటల్లో డీఎం పడే గొయ్యి వేరే ఉంది. పార్టీ మొదటి హత్య చేయగానే ఎక్కణ్ణించో పద్దెనిమిదో లెవెల్ సైనికులు ఊడిపడతారు. వాళ్ళని తప్పించుకుంటే పాలడిన్లు, అంటే ధర్మయోధులు. వాళ్ళనీ తప్పించుకుంటే సాక్షాత్తూ దేవుడు. ఆటగాళ్ళకి ఇది అన్యాయంగానే కనిపిస్తుంది, న్యాయంగా చూస్తే అన్యాయమే కూడా. విలన్లుగా ఆడమని ఒప్పుకున్నది మీరే, ఆడగానే చెంపదెబ్బలు కొడుతున్నది మీరే. చేసినదానికి ఫలితం ఉండాలి, కాకపోతే ఆ ఫలితం కథకి మేత కావాలి, శిక్షగా మిగిలిపోకూడదు. సత్రం యజమాని చచ్చాడు. సరే, వారం తర్వాత ఊళ్ళో ఎవరూ వీళ్ళ దగ్గర డబ్బు తీసుకోవట్లేదు, అడిగినవన్నీ వణుకుతూ ఉచితంగా ఇస్తున్నారు. హాయిగా ఉంటుంది, నిజం ఒక్కటి కూడా ఎవరూ చెప్పట్లేదని తెలిసేదాకా. వీళ్ళకి నచ్చేదే చెబుతున్నారు, ఆ తప్పుడు సమాచారంతో వీళ్ళు ఖాళీ ఖజానా మీద దాడి చేస్తారు. ఊళ్ళో చిల్లర దొంగలు వచ్చి అన్నా మమ్మల్నీ చేర్చుకో అంటారు, వాళ్ళు వీళ్ళ పేరు చెప్పి చేసే పనులన్నీ వీళ్ళ ఖాతాలో పడతాయి. సత్రం యజమాని కూతురు కత్తి పట్టుకుని ప్రతీకారానికి రాదు, అది పాత సినిమా. ఆమె సత్రం నడుపుకుంటుంది, వీళ్ళు ఏ రాత్రి ఎక్కడున్నారో ఒక పుస్తకంలో రాసుకుంటుంది. నా ఆటలో ఆ పుస్తకం కోసం మూడు పక్షాలు కొట్టుకున్నాయి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని ముక్క. చెడు అనగానే కొంతమందికి చిత్రహింస గుర్తొస్తుంది. 2002లో బుక్ ఆఫ్ వైల్ డార్క్‌నెస్ అని పెద్దలకి మాత్రమే అని ముద్రేసి ఒక పుస్తకం వచ్చింది, విషాలు, మత్తుమందులు, నరబలులు, హింసలు. వస్తువులన్నీ ఉన్నాయి, సంతలా. వాటిని చూసి చెడ్డ క్యాంపెయిన్ అంటే ఇవే అనుకునేవాళ్ళున్నారు. బందీగా దొరికినవాణ్ణి ఏ వేలు ఎలా విరిచానో ఒకడు పది నిమిషాలు వర్ణిస్తుంటే మిగతావాళ్ళు ఏం చేస్తుంటారో గమనించండి. ఫోన్లు చూస్తుంటారు. నేనైతే రెండో వాక్యం దగ్గరే అందుకుంటాను: "సరే, వాడు చెప్పేశాడు. నువ్వు వినాలనుకున్నదే చెప్పాడు." అందులో నిజమెంతో తర్వాత తెలుస్తుంది.

ఇలాంటివాటికి పాశ్చాత్య ఆటగాళ్ళ దగ్గర మంచి పనిముట్లు ఉన్నాయి. రాన్ ఎడ్వర్డ్స్ 2003లో రాసిన లైన్స్ అండ్ వీల్స్ పద్ధతిలో అసలు రాకూడనివి ఏవి, వచ్చినా తెర వెనకే జరగాల్సినవి ఏవి అని ముందే చెప్పుకుంటారు. జాన్ స్టావ్రోపూలోస్ 2013లో పెట్టిన ఎక్స్-కార్డ్ ఇంకా తేలిక, టేబుల్ మధ్యలో ఎక్స్ రాసిన ఒక కార్డు ఉంటుంది, ఇబ్బందిగా ఉంటే దాన్ని తాకితే చాలు, కారణం చెప్పక్కర్లేదు, ఆ విషయం అక్కడితో ఆపేస్తారు. నాకు రెండూ నచ్చుతాయి. కానీ మా స్నేహితుల మధ్య కార్డు పెట్టి కూర్చుంటే దాన్ని ఎవరూ తాకరు. నలుగురు నవ్వుతున్నప్పుడు ఆపమనటం మనకి చేతకాదు, "ఓవర్ చేస్తున్నావ్ రా, ఆటే కదా" అంటారని భయం. ఇబ్బంది పడ్డ మనిషి "రేపు పొద్దున్నే కాల్ ఉంది" అని తొందరగా లేచి వెళ్ళిపోతాడు, వచ్చే వారం ఊరెళ్తున్నా అంటాడు, ఆపై వారం గ్రూపులో మెసేజ్ చూసి ఊరుకుంటాడు. మీ పార్టీ ఎందుకు చెదిరిందో మీకు ఎప్పటికీ తెలీదు. అందుకే నేను మొదటి సెషన్‌కి ముందే ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి అడుగుతాను, ఏవి వద్దో చెప్పమని. ఎవరు ఏది వద్దన్నారో చెప్పకుండా, నా రూల్స్‌గానే అందరికీ చదువుతాను. పిల్లల మీద హింస, లైంగిక హింస ఎవరూ అడక్కముందే నా జాబితాలో ఉంటాయి. మన దేశంలో ఆడేవాళ్ళు ఇంకోటి చేర్చుకోవాలి. గోబ్లిన్ల ఊరు తగలబెట్టే సీన్‌లో ఎవడో ఒకడు నిజమైన కులం మీదో మతం మీదో జోక్ వేస్తాడు. విలన్ ముసుగు కింద అది తేలిగ్గా జారుతుంది. పైగా ఆ మాట అన్నది క్యారెక్టర్ కాదని అందరికీ తెలుసు.

చివరిదాకా వెళ్ళిన క్యాంపెయిన్ అన్నాను కదా, అందులో లోకాన్ని నాశనం చేయటం లాంటి పెద్ద మాటలేవీ లేవు. ఒక రేవు పట్నం, ఆ రేవులో సుంకం వసూలు చేసే హక్కు, అది మా నలుగురి చేతికి రావాలి. క్యారెక్టర్ షీట్ ముట్టుకోకముందే వాళ్ళతో ఈ వాక్యం రాయించాను. తర్వాత ఒక్కొక్కర్నీ అడిగాను, మిగతా ముగ్గురిలో ఎవరు లేకపోతే నీకు కుదరదు, ఎందుకు కుదరదు. విజార్డ్‌కి దొంగ ముద్రలు తయారుచేయటం వచ్చు గానీ మొహం చూపిస్తే పట్టుకుంటారు. రోగ్‌కి ఊరంతా తెలుసు గానీ చదవటం రాదు. ఫైటర్ ప్రాణం క్లెరిక్ ఇచ్చే మందు మీద ఉంది, క్లెరిక్ గుడి అప్పుల్లో ఉంది, అప్పిచ్చింది ఫైటర్ మామ. ఇక నేను చేసింది చాలా తక్కువ. ప్రతి సెషన్ చివర్లో "వచ్చేసారి ఏం చేస్తారు?" అని అడిగేవాణ్ణి, వాళ్ళు చెప్పేవాళ్ళు, దాన్ని ఎవరు ఎలా అడ్డుకుంటారో నేను ఆలోచించుకుని వచ్చేవాణ్ణి. హీరోల ఆటలో నేను వేసే పథకాలు వాళ్ళు వేశారు, వాళ్ళు చేసే పని నేను చేశాను. గుమాస్తాలకి లంచాలు, ఓడ కెప్టెన్ల కిడ్నాపులు, దొంగ రసీదులు, ఒక హార్బర్ మాస్టర్ కూతురి పెళ్ళి చెడగొట్టటం. కత్తి యుద్ధాలు పెద్దగా జరగనే లేదు. డైస్ తక్కువ, వాదనలు ఎక్కువ, ఇది అందరికీ నచ్చే ఆట కాదని నాకూ తెలుసు.

ఒక చిక్కు మాత్రం మొదట్నించీ కనిపిస్తూనే ఉండింది. విలన్లు గెలిస్తే ఏమవుతుంది? హీరోలు గెలిస్తే ఇంటికెళ్ళిపోతారు. విలన్లు గెలిస్తే సింహాసనం ఒకటే ఉంటుంది, కూర్చునేవాళ్ళు నలుగురు. దీన్ని తప్పించటం కుదరదు కాబట్టి నేను రూల్‌లోనే రాసేశాను: ఆఖరి సెషన్ దాకా పీవీపీ లేదు, ఆఖరి సెషన్‌లో ఏ అడ్డూ లేదు, అది ఏ శనివారమో నెల ముందే చెబుతాను. ఆ నెలంతా వాళ్ళు ఒకరితో ఒకరు ఎంత మర్యాదగా ఉన్నారో చెప్పలేను, "అన్నా ముందు నువ్వు తీసుకో" అంటూ. వేరే గుంపు నడిపే నా స్నేహితుడికి ఈ పద్ధతి నచ్చదు, తేదీ ముందే చెప్పిన ద్రోహం ద్రోహమే కాదంటాడు. నాకు అది పర్లేదు. ఆ రాత్రి సుంకం హక్కు చివరికి క్లెరిక్‌కి దక్కింది. ఫైటర్ మందు సీసాలో ఏముందో మూడు నెలల క్రితమే నాకు రాసిచ్చి, కవర్ అంటించి పెట్టింది. కవర్ చింపి చదివితే ఫైటర్ ఆడేవాడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. విజార్డ్ ఓడ ఎక్కి పారిపోయాడు. ఇప్పుడు వాళ్ళు కొత్త క్యాంపెయిన్ అడుగుతున్నారు, హీరోలుగా ఆడతారట, అదే పట్నంలో, పదేళ్ళ తర్వాత. క్లెరిక్‌ని దించడానికి. ఆ అమ్మాయేమో తన పాత షీట్ నాకివ్వనంటోంది.